చెయ్యి పడని సీసా

పోయిన నెలలో నాకు జ్వరం వచ్చి ఎంతకీ దిగకపోయేసరికి, ఇంట్లోవాళ్ళు నన్ను మా అక్కయ్య మనవరాలు డాక్టరుగా పనిచేస్తున్న ఆసుపత్రికి తీసుకెళ్ళి చేర్చారు. చేతికి సెలైను పెట్టి, గది తలుపు దగ్గరగా వేసి అందరూ వెళ్ళిన కాసేపటికి ఆ పిల్ల ఫోను చేసింది. "తాతయ్యా, ఇవాళ నా రిసెర్చి రోజు. పైఅంతస్తులోనే ఉన్నా గానీ, ఈ ఒక్కరోజూ పేషెంట్లని చూడకూడదని ఇక్కడ రూలు. కింద మా జూనియరు ఉన్నాడు, బంగారంలాంటి పిల్లాడు, బాగా చూస్తాడు. కాదు, నువ్వే రావాలంటే చెప్పు, ఇప్పుడే దిగొస్తా" అంది. రావద్దన్నాను. వస్తే ఊరుకోనని కూడా అన్నాను. నవ్వి పెట్టేసింది.

వారంలో ఒక రోజును ఆసుపత్రివాళ్ళే పక్కకు తీసి, ఇది నీ పరిశోధనకు, ఈ రోజు రోగుల జోలికి పోకు అని డాక్టరు చేతిలో పెట్టే కాలం వచ్చిందని నాకు అప్పుడే తెలిసింది. సీసాలోంచి బొట్టుబొట్టుగా దిగుతున్న నీళ్ళను చూస్తూ పడుకున్నాను. ఆ రోజు గురువారం కావడం కాకతాళీయమే అయివుండవచ్చు గానీ, నా వయసులో కాకతాళీయాలు కూడా మనసును ఊరికే వదిలిపెట్టవు. ఒకప్పుడు బెజవాడలో ఒక డాక్టరుకు వారానికి ఒక్క పూట, అదీ గురువారం మధ్యాహ్నం పూట, ఖాళీ చేసి పెట్టడానికి నేను పడిన పాట్లూ, ఆ పూట చివరికి ఏమైపోయిందన్నదీ ఒకదాని వెంట ఒకటి గుర్తుకు వచ్చాయి.

ఆ డాక్టరు మా బావగారు. మా అక్కయ్య భర్త, ఇప్పుడు ఫోను చేసిన ఈ పిల్లకు తాతగారు. డెబ్బయ్యో దశకం మొదట్లో నేను డిగ్రీ చేతబట్టుకుని ఉద్యోగం లేక తిరుగుతుంటే, ఊరికే తిరిగే బదులు మీ బావకు సాయంగా ఉండరాదా అని అక్కయ్య నన్ను పటమటలోని తమ ఇంటికి పిలిపించుకుంది. కాలువ పక్క వీధిలో బావగారికి ఒక నర్సింగ్ హోము ఉండేది. వైద్యం తప్ప అక్కడి పనులన్నీ, గదులూ మందుల నిల్వా కరెంటు బిల్లూ వరండాలో జనమూ అన్నీ, నాకు అప్పగించారు. చిన్ననాటి నుంచీ రోజూ డైరీ రాసేవాణ్ణి, మొదటి పంక్తిలో వానా ఎండా, రెండో పంక్తిలో కాలువలో నీళ్ళ సంగతీ రాయకుండా పడుకోని మనిషిని, కనుక పద్ధతి తెలిసినవాడినని ఆయనకు నమ్మకం.

కానీ ఆ వరండా ఏ పద్ధతికీ లొంగేది కాదు. మైలవరం వైపు నుంచి, ఇటు గన్నవరం వైపు నుంచి మొదటి బస్సుకు వచ్చినవాళ్ళు తెల్లవారకముందే అరుగు మీద కూర్చునేవారు. గుణదల తిరునాళ్ళ రోజుల్లో కొండకు మొక్కు తీర్చుకోను వచ్చినవాళ్ళు సైతం పనిలో పనిగా మా దగ్గర ఒకసారి నాడి చూపించుకుని పోయేవారు. దానికంతటికీ కారణం బావగారి హస్తవాసి. నా తరం వాళ్ళకు ఈ మాట విడమరిచి చెప్పనక్కరలేదు. మందు ఎవరిచ్చినా అదే మందు, అయినా ఫలానా వారి చేతి మీదుగా పడితేనే పనిచేస్తుందని మనవాళ్ళ నమ్మకం. ఒకసారి ఆయన చేతిమీద లేచిన మనిషి ఇక జన్మలో ఇంకొకరి చేత సూది పొడిపించుకునేవాడు కాదు. అతని పిల్లలూ అంతే.

బావగారికి ఆ పేరు బరువుగానే ఉండేది. ఆయన మనసంతా ఒక జ్వరం మీద ఉండేది. ఏటా కాలువలు వదిలి, ఊడ్పులు అయ్యి, కలుపుతీతల రోజులు వచ్చేసరికి ఉయ్యూరు అవతల ఒక ఊరి నుంచి వరసగా ఒకే రకం రోగులు వచ్చేవారు. పిక్కలు పట్టేసే నొప్పులు, ఎర్రబారి పచ్చబడే కళ్ళు, ఆ తర్వాత మూత్రం బందు. జనం పచ్చకామెర్లని చెప్పి ముందు పసరు తాగించి, అది కుదరక ఇక్కడికి తెచ్చేవారు. కొందరు లేచేవారు, కొందరు లేచేవారు కారు. ఇవి మామూలు కామెర్లు కావనీ, పొలంలో నిలిచిన నీళ్ళలోనే ఏదో ఉందనీ, బహుశా ఎలుకల వల్ల కావచ్చుననీ ఆయన అనుమానం. అనుమానం చాలదు గదా. ఆయనకు చదువు చెప్పిన ప్రొఫెసరుగారిని అడిగితే, ఊళ్ళో ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ రక్తం కాలువలు వదలకముందు ఒకసారి, కలుపుతీతలప్పుడు వాళ్ళదే మళ్ళీ ఒకసారి తీసి పోల్చి చూడమన్నారట. రెండోసారి తప్పితే మొదటిది గంగలో కలిసినట్టే. "జబ్బుపడ్డవాణ్ణి చూడటం నీకు వచ్చు, పడనివాణ్ణి చూడటం నేర్చుకో" అన్నారని బావగారు మాకు ఎన్నిసార్లు చెప్పారో.

మొదటి ఏడు, వీలు దొరికిన రోజున ఆ ఊరు వెళదాం అనుకున్నాం. ఆ వీలు ఏ రోజూ దొరకలేదు. ఆయన బూట్లు వేసుకుని, ఫియట్ కారు తాళం చేత్తో పట్టుకుని మెట్లు దిగుతుంటే ఎవరో ఒక తల్లి బిడ్డను తెచ్చి కారు ముందు నిలబెట్టేది. ఆయన తాళం నా చేతిలో పెట్టి వెనక్కి తిరిగేవారు. అలా తాళం నా చేతికి రావడమూ, నేను దాన్ని మేకుకు తగిలించడమూ అలవాటైపోయి, కోతల కాలం వచ్చి, ఆ ఏడు గడిచిపోయింది.

మరుసటి ఏడు ఆయన మేనల్లుడు వైద్యం చదువు ముగించి మా దగ్గర చేరాడు. నెమ్మదస్తుడు, చేతిలో పనితనం ఉన్నవాడు. గురువారం మధ్యాహ్నం నుంచి అతను చూస్తాడు, బావగారు ఆ ఊరు వెళ్ళి రావచ్చునని నేను ఏర్పాటు చేశాను. జనం ఒప్పుకుంటేనా? "బాబు మంచోడేనండి, మీసమే ఇంకా సరిగ్గా రాలా. నా గుండె చప్పుడు ఆయనకి వినపడుద్దంటారా?" అని ఒక పెద్దమనిషి అందరిముందూ అంటే వరండా అంతా గొల్లుమంది. పాపం మేనల్లుడు కూడా నవ్వాడు. ఆ గురువారం వచ్చినవాళ్ళంతా శుక్రవారం దాకా కూర్చున్నారే గాని అతని గది గుమ్మం తొక్కలేదు.

అప్పుడు నాకు ఒక ఉపాయం తోచింది. ఒకావిడ మాత్రలు కొనుక్కుని, పొట్లం బావగారి చేతికిచ్చి మళ్ళీ తీసుకుని కళ్ళకద్దుకోవడం నేను రోజూ చూసేవాణ్ణి. వీళ్ళకు కావలసింది ఆయన చెయ్యే అయితే, ఆ చెయ్యిని పొద్దున్నే వేయించి పెడితే సరిపోదా అనుకున్నాను. గురువారం ఉదయం మందుచీటీల కట్ట ఆయన ముందుంచి, ప్రతి చీటీ నెత్తిన ఆయన చేత్తో ఒక అక్షరం రాయమన్నాను. మిగతాది మధ్యాహ్నం మేనల్లుడు రాస్తాడు. బావగారు కలం పట్టుకుని నావైపు చూశారు. "నన్ను బాబాను చేస్తున్నావేమిటోయ్ బావమరిదీ? రేపు విభూది కూడా పంచమంటావా?" అన్నారు. ఊరు వెళ్ళాలంటే ఇదొక్కటే దారి అన్నాను. ఆయన రాశారు.

అది పనిచేసింది. పెద్దాయన చెయ్యి పడ్డ చీటీయేనా అని అడిగి మరీ జనం మేనల్లుడి గదిలోకి వెళ్ళడం మొదలుపెట్టారు. గురువారం మధ్యాహ్నం ఫియట్ కారు బందరు రోడ్డెక్కింది. నేనూ కొన్నిసార్లు వెంట వెళ్ళేవాణ్ణి. "మీ బావకి రెండో కాపురం పెట్టించావురా తమ్ముడూ. మొదటి పెళ్ళానికి ఆదివారం కూడా దిక్కులేదు, దీనికి మాత్రం గురువారం గురువారం కారు కట్టించుకుని పోతారు" అని అక్కయ్య దెప్పేది. దెప్పుతూనే ఆయనకు క్యారేజీ సర్దేది.

కాలువలు కట్టేసిన ఎండాకాలం అది. ఆ ఊరి బడి వరండాలో బల్ల వేసుకుని కూర్చుంటే, ముందు వచ్చింది ఊళ్ళో ఉన్న రోగులంతా. బాగున్నవాళ్ళెవరూ దగ్గరకు రారు. ఊడ్పులకు ముఠాలు కట్టి తీసుకుపోయే ఒక ముసలావిడ చేతులు నడుముకు పెట్టుకుని, "బాగున్నోళ్ళ నెత్తురు తీసుకుని బాగోలేనోళ్ళని ఆగమంటావా నాయనా? ఇదెక్కడి వైద్దెం? ఏ కాలేజీలో చెప్పారు నీకు?" అని అడిగింది. బావగారు పగలబడి నవ్వి, రోగులను తర్వాత తప్పక చూస్తానని మాట ఇచ్చి, ఎందుకు తీస్తున్నారో ఆవిడకు మొదటి నుంచీ చెప్పారు. ఆవిడ అంతా విని, "అయితే ముందు నాది తియ్యి. నాకేమన్నా అయితే మా ముఠా అంతా నీ మీద పడుద్ది" అని చెయ్యి చాపింది. ఆవిడ వెనక ఆవిడ కొడుకు, ఆ వెనక ముఠా అంతా. ఆ వారమూ మరికొన్ని వారాలూ తీసిన రక్తమంతా మంచుముక్కల డబ్బాలో రైల్లో మద్రాసు లాబొరేటరీకి వెళ్ళింది. తిరుగుదారిలో బావగారు కాలువగట్టు మీద కారు ఆపి, దిగి, ఎండిన కాలువను చూస్తూ ఊరికే నిలబడేవారు. ఆయన ముఖంలో ఆ తేటదనాన్ని నేను అంతకు ముందు చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు.

కాలువలు వదిలారు. ఊడ్పులయ్యాయి. కలుపుతీతలు మొదలైన గురువారం రెండో విడత రక్తానికి ఆయన బయలుదేరారు. ఆ రోజు నేను వెళ్ళలేదు. సెలైను సీసాలు రావలసి ఉంటే దింపించుకోవడానికి ఆగాను.

రిక్షాలోంచి సీసాల పెట్టెలు దింపిస్తుండగానే మైలవరం వైపు నుంచి ఒక జీపు వచ్చింది. ఒక రైతును అతని అన్నగారు భుజాన వేసుకుని దించాడు. పొద్దుటి నుంచీ వాంతులూ విరేచనాలూ. కళ్ళు లోపలికి పోయాయి, నాలుక పిడచకట్టింది. మేనల్లుడు చూస్తూనే మంచం ఎక్కించి సెలైను పెట్టమన్నాడు. అన్నగారు అడ్డంగా నిలబడ్డాడు. మర్యాదస్తుడు, అరిచే మనిషి కాదు. అంతకు మూడేళ్ళ క్రితం ఈ తమ్ముడే ఇదే వరండాలో బావగారి చేతిమీద బతికాడు. "పెద్దాయన రానీండి బాబూ, ఆయన చేత్తో ఎక్కిద్దాం" అన్నాడు. ఆయన ఊళ్ళో లేరు, సాయంత్రానికి గాని రారన్నాను. అయితే కూర్చుంటామన్నాడు. పెద్దాసుపత్రికన్నా తీసుకెళ్ళమని మేనల్లుడు బతిమాలాడు. ఇక్కడిదాకా వచ్చి అక్కడికెందుకన్నాడు. చివరికి నేను ఒక సీసా చేత్తో పట్టుకుని, దీనికి పెద్దాయన పొద్దున్నే చెయ్యి వేసే వెళ్ళారండీ అన్నాను. అన్నగారు సీసా వంకా నా వంకా చూశాడు.

"పొద్దున ఎట్టా ఏస్తారండీ? నేనొచ్చాకే గదా రిక్షాలోంచి దించారు. నేను చూడలా?"

"చెయ్యి కాదండీ, ఆయనకి కావలసింది నీళ్ళు. ఒంట్లో నీళ్ళు లేవు" అన్నాడు మేనల్లుడు. చాప మీద పడుకున్న రోగి కూడా, మాట పెగలక, తల అడ్డంగా ఊపి వీధివైపు చూశాడు. కారు కోసం.

కాంపౌండరును ఉయ్యూరు బస్సెక్కించి పంపాను. చీటీల మీద అక్షరాలు రాయించి, చెయ్యి పడితేనే మందు అన్నదాన్ని మేమే ఒక విధిగా చేసి కూర్చోబెట్టామని ఆ వరండాలో నిలబడి ఆలోచించాను గాని, ఆలోచన అప్పటికి దేనికి పనికొస్తుంది? ఎండ వాలేసరికి రోగికి స్పృహ తప్పింది. అప్పుడు అన్నగారు అన్నీ వదిలేసి, మీ ఇష్టం బాబూ అన్నాడు. మేనల్లుడు రెండు చేతులూ వెతికాడు, కాళ్ళు వెతికాడు, నరం దొరకలేదు. దొరికి, సీసాలో నీళ్ళు కదలడం మొదలైన కాసేపటికే అంతా అయిపోయింది. వీధి మలుపులో ఫియట్ కారు హారను ఆ తర్వాత వినిపించింది.

బావగారు అక్కడ సగంమంది చేతులు చాపి కూర్చుని ఉండగానే లేచి వచ్చేశారు. చొక్కా మీద ఆ ఊరి దుమ్ముతోనే వచ్చి చాప పక్కన కూర్చున్నారు. ఆయన్ని ఎవరూ ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేదేమో. ఆ అన్నగారు ఆయన చేతులు రెండూ తన చేతుల్లోకి తీసుకుని, ఎంతో ప్రేమగా, "మీరుంటే లేచేవాడండి. మీరు లేరు, వాడి రాత అట్టా ఉంది" అన్నాడు. బావగారు ఆ చేతులు విడిపించుకోలేదు. ఆ రోజు నా డైరీలో వాన లేదు, కాలువ నిండుగా ఉంది అని రెండు పంక్తులు రాసి, మూడోది రాయలేకపోయాను.

మిగిలిన సగంమంది రక్తం తీయడానికి ఇంకొక్క గురువారం చాలు. కలుపుతీతలు ఇంకా జరుగుతూనే ఉన్నాయి. ఆ వారం నేను చీటీల కట్ట ఆయన ముందు పెట్టలేదు గాని, కారు తాళం మాత్రం పెట్టాను. ఆయన దాన్ని నావైపు జరిపారు. "ఇక్కడ పోయినవాడెవరో నాకు తెలుసోయ్ బావమరిదీ. అక్కడికి వెళ్ళకపోతే ఎవడు పోతాడో నాకు తెలియదు. తెలిసినవాణ్ణి వదిలేసి తెలియనివాడి కోసం పోయే గుండె నాకు లేదు" అన్నారు. ఎదురు చెప్పడానికి మేనల్లుడి దగ్గర చదువు ఉంది, నా దగ్గర పద్ధతి ఉంది. నేను తాళం తీసుకెళ్ళి మళ్ళీ మేకుకే తగిలించాను. ఆ మరుసటి రోజు ఆ ఊరి పెద్దకాపు బస్సెక్కి వచ్చి, "ముఠావోళ్ళు పనాపుకుని కాలవగట్టు మీద మునిమాపుదాకా కూచున్నారండి. కారు చెడిపోయిందేమో కనుక్కు రమ్మన్నారు" అన్నాడు. చెడిపోలేదనే చెప్పి పంపాను.

కలుపుతీతలు ముగిసే రోజుల్లో ఆ ముసలావిడను ఎడ్లబండి మీద, తర్వాత బస్సులో తీసుకొచ్చారు. కళ్ళు పసుపుముద్దలు. అంత జ్వరంలోనూ బావగారిని చూసి, "రెండోసారి నెత్తురు తీసుకుంటానని తీసుకోకుండా పోతివేం నాయనా? చెడ్డది ఒంట్లో మిగిలిపోయినట్టుంది" అని నవ్వబోయింది. ఆవిడ మంచం దగ్గర నుంచి ఆయన కదలలేదు. ఆవిడ లేచింది. లేచి ఊరికి పోయి, ఆ బాబు చేతిలో ఏముందో గాని చెయ్యేస్తే చాలని ఊరూరా చెప్పింది. చనిపోయిన రైతు సంగతి తెలిసి కొన్నాళ్ళు పలచబడ్డ వరండా, ఆవిడ చెప్పిన చోటల్లా నుంచి జనం వచ్చి మునుపటికన్నా కిక్కిరిసిపోయింది. ఇక బావగారికి గురువారమన్నదే లేదు.

మరుసటి ఏడు అదే రోజుల్లో ఆవిడ కొడుకు వచ్చాడు. అదే జ్వరం. అదే మంచం. ఈసారి కూడా బావగారు కదలలేదు, ఆ చెయ్యి అతని నాడి మీదనే ఉంది. ఆ చెయ్యి అతనికి పనిచేయలేదు. ఆ ముసలావిడ గుమ్మంలో కూలబడి ఏడుస్తుంటే, ఆయన బయటికి వచ్చి నా పక్కన నిలబడి, నాకు మాత్రమే వినపడేట్టుగా, "తెలియనివాడెవరో తెలిసిందోయ్" అన్నారు. అంతే. తర్వాత ఎన్నో ఏళ్ళు ప్రాక్టీసు చేశారు, ఎంతోమందిని బతికించారు. ఆ జ్వరం గురించి మాత్రం నా దగ్గర మళ్ళీ ఎత్తలేదు.

ఇప్పుడు ఆ జ్వరానికి పేరుంది. ఎవరో ఎక్కడో ఓపికగా చూసి తేల్చారు. పరీక్ష ఉంది, ముందుగా పట్టుకుంటే మామూలు మందులకే లొంగుతుందట. ఎలుకల మాట కూడా నిజమేనట. ఇదంతా మనవరాలే చెప్పింది. ఆమె గురువారం ఆమెదే. ఆమె పేరు కూడా తెలియని రోగులు, నంబరు పిలిస్తే లేచి, ఏ గదిలోకి పొమ్మంటే ఆ గదిలోకి పోతారు. ఎవరి చెయ్యి పడిందని ఎవరూ అడగరు. అడ్డం పడేవాళ్ళు లేకనే ఆ పిల్ల తన పని తాను చేసుకుంటోంది. దానివల్ల నేనెరగని ఏదో ఒక ఊళ్ళో ఎవరి కొడుకో బతుకుతాడు. మా బావగారు అడిగింది అంతకన్నా ఏమీ లేదు. ఇదే మేలు, నాకు సందేహం లేదు.

ఆ జూనియరు కుర్రవాడు వచ్చి చక్కగా చూశాడు, సీసా మార్పించాడు, వెళ్ళాడు. ఆమెను రావద్దన్నది నేనే. అయినా ఆ మధ్యాహ్నమంతా నడవాలో అడుగుల చప్పుడు వినిపించినప్పుడల్లా తల తిప్పి తలుపువైపు చూస్తూనే ఉన్నాను.